ట్యాంకును కడిగిన ఊరు

ఆ బాంబును మొదటిసారి చూసినప్పుడే ఈనాక్ పర్‌స్లోకి అది గిట్టలేదు. చెక్కపెట్టె మూత తీయగానే జిగురు వాసన గుప్పుమంది. లోపల గడ్డిలో రేకు బంతులు పేర్చి ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో పిడి. కెప్టెన్ లావింగ్టన్ అందులో ఒకటి తీసి, పురిటి గదిలో మనవణ్ణి ఎత్తుకున్నంత అపురూపంగా ఎత్తి చూపించాడు. పిన్ను లాగగానే రేకు డొప్పలు రెండూ ఊడి కిందపడ్డాయి. లోపల గాజుబుడ్డి, దానికి ఉన్ని మేజోడు, ఆ మేజోడు నిండా బంక. పిట్టలు పట్టేవాళ్ళు కొమ్మలకి పూసే బంక లాంటిదే. అసలు బాంబులో అయితే ఆ బుడ్డి నిండా నైట్రోగ్లిజరిన్ ఉంటుంది, చీమిడిలా చిక్కగా. ఇప్పుడు చూపించేది మాత్రం ఉత్తుత్తిదేనని కెప్టెన్ నవ్వుతూ చెప్పాడు.

చెయ్యాల్సింది ఏమిటంటే, శత్రువు ట్యాంకు దగ్గరికి పరిగెత్తుకెళ్ళి, దాని ఒంటికేసి బుడ్డి పగిలేలా కొట్టాలి. బంక ఉంది కాబట్టి అక్కడే అతుక్కుంటుంది. అయిదు లెక్కపెట్టేలోగా మనం పారిపోవాలి. దాన్ని బంక బాంబు అన్నారు. ఆ ట్యాంకులో కూర్చున్నవాళ్ళ చేతిలో మరతుపాకులుంటాయి కదా, వాళ్ళు మన కోసం ఆగి చూస్తారా అని ఎవడూ అడగలేదు. అడగడం మర్యాద కాదు మరి.

అది పంతొమ్మిది వందల నలభై ఒకటో సంవత్సరం, వసంతం. వేల్స్ సరిహద్దు కొండల కింద క్లన్‌ఫోర్డ్ అనే ఊళ్ళో, సైన్యానికి పనికిరాని మగాళ్ళందరూ, జర్మన్లు దిగితే ఊరు కాసే హోంగార్డు దళంలో చేరి, ఆదివారాలు రైఫిళ్ళు భుజాన వేసుకుని తిరుగుతున్నారు. ఈనాక్ ఆ దళానికి సార్జెంటు. మామూలు రోజుల్లో ఊరి పబ్బు నడుపుకునేవాడు. యాభై దాటినవాడు, ముక్కుసూటి మనిషి, బీరులో నీళ్ళు కలపడు, మాటలో చక్కెర కలపడు.

ఉత్తుత్తి బాంబుతో సాధన మొదలైన పూటే పరువు పోయింది. దళంలో నవ్వుల మనిషి రూబెన్ బెబ్. చర్చిలో గంట కొట్టేవాడు, ఆస్తమా రోగి. వాడు బాంబును వెనక్కి ఊపేసరికి అది ప్యాంటుకి అతుక్కుపోయింది. ఎంత లాగినా రాదు. చివరికి ప్యాంటు విప్పి, పొడుగు లోదుస్తులతో గోడ వెనక నించున్నాడు. "మా ఆవిడకి చెప్పకండ్రా, బాంబుకి నా మీద మనసైందని తెలిస్తే ఊరుకోదు," అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఈనాక్‌కి మాత్రం నవ్వు రాలేదు. అసలుదైతే, అయిదు లెక్కపెట్టేలోగా మనిషి ప్యాంటు విప్పుకోగలడా?

చేతిబాంబుల సంగతి ఈనాక్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. పోయిన యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో పడి వచ్చినవాడు. మొదట్లో సర్కారు ఇచ్చిన బాంబుకి పొడుగాటి బెత్తం పిడి ఉండేది. ఇరుకు కందకంలో విసరడానికి చెయ్యి వెనక్కి తీస్తే దాని మూతి వెనక గోడకి తగిలేది. తగిలిందంటే పేలేది. ఈనాక్ పక్కన నించున్నవాడు అలాగే పోయాడు, శత్రువు మొహమైనా చూడకుండా. ఆ బాంబు నమూనా గీసినవాడు లండన్లో బల్ల దగ్గర కూర్చుని గీశాడు, బల్ల వెనక గోడ లేదు కాబోలు. తర్వాత జాము డబ్బాల్లో మందూ మేకులూ కూరి వత్తి వెలిగించి విసిరే రోజులొచ్చాయి. ఇంగ్లీషు ట్యాంకులు కందకాల మీదికి రావడం మొదలెట్టాక, జర్మన్లు చేతిబాంబుల తలకాయలు ఊడదీసి, ఒక బాంబు చుట్టూ తీగతో కట్టి, ఆ మోపును ట్యాంకు కిందికి విసిరేవాళ్ళు. అలా విసిరినవాణ్ణి ఒకణ్ణి కాంబ్రే అనే ఊరి దగ్గర ఈనాక్ చూశాడు. ట్యాంకు ఆగింది, నిజమే. విసిరినవాడి బూట్లు మాత్రమే గుర్తుపట్టేలా మిగిలాయి. ట్యాంకుకీ మనిషికీ మధ్య చెయ్యి చాచినంత దూరమే ఉంటే ఏమవుతుందో చూశాక, ఇక ఈ బాంబుల మీద ఎవడు ఎంత గొప్పగా ఉపన్యాసమిచ్చినా ఆయనకి ఎక్కదు.

కెప్టెన్ ఉపన్యాసం ఇవ్వనే ఇచ్చాడు. స్పెయిన్‌లో గని కార్మికులు డైనమైటు కట్టలతో ట్యాంకుల మీదికి ఉరికారట. ఫిన్లాండులో మంచులో పొంచి ఉండి పెట్రోలు సీసాలు విసిరారట. మన క్లన్‌ఫోర్డ్ వాళ్ళు ఎవరికి తీసిపోయారని అడిగాడు. తీసిపోయేది వయసులోనే అని రూబెన్ గొణిగాడు.

ఇంతవరకైతే ఈనాక్ పళ్ళు కొరుక్కుని ఊరుకునేవాడే. అసలు మంట వేరే ఉంది. ఊరి వంతెన కాపలా ఈ దళానిదే. వంతెన పక్క పాత పిండిమర కొట్టంలో సైన్యం ఇచ్చిన మందుపాతరలున్నాయి. జర్మన్లు వస్తే వాటిని దారిలో పాతి, అవతల గట్టు మీద రాళ్ళ వెనక దాక్కుంటే చాలు, ట్యాంకు దానంతటదే వచ్చి కాలు పెడుతుంది. మనుషులు దగ్గరికి పోనక్కర్లేదు. ఇప్పుడు కెప్టెన్ చల్లగా చెప్పిందేమంటే, త్వరలో జనరల్ గారు వచ్చి బంక బాంబు ప్రదర్శన చూస్తారు, ఆయనకి నచ్చితే మందుపాతరల్ని సముద్రతీరానికి పంపేస్తారు, వంతెనని ఇక బాంబులతోనే కాయాలి. అంటే రూబెన్ లాంటి ఆయాసపు మనుషులు, మోకాళ్ళు పట్టేసిన తాతలు, ట్యాంకు మీదికి పరిగెత్తాలి. వీళ్ళని చిన్నప్పట్నుంచీ ఎరుగున్నవాడు ఈనాక్. వాళ్ళ పెళ్ళిళ్ళకి బీరు పోసినవాడు. మందుపాతరలు పోతే వీళ్ళూ పోయినట్టే అని ఆయనకి తెలుసు.

ప్రదర్శన కోసం ఇంజను లేని ముసలి ట్యాంకునొకదాన్ని లాక్కొచ్చి ఊరి వెనక రాళ్ళ క్వారీలో పడేశారు. ముందురోజు కెప్టెన్, ఈనాక్, రూబెన్ వెళ్ళి ఉత్తుత్తి బాంబుతో పరీక్ష చేశారు. మూడు రోజులుగా వాన. ట్యాంకు ఒళ్ళంతా బురద. రూబెన్ కొట్టిన బాంబు పచక్కున అంటుకుని, మెల్లగా జారి, వాడి బూటు పక్కనే పడింది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. బంకకి బురద అంటుకుంది గానీ ట్యాంకు అంటుకోలేదు.

ఈనాక్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇక జనరల్ ఇదే చూస్తాడు, ఈ దరిద్రం వదిలిపోతుంది, మందుపాతరలు మిగులుతాయి అనుకున్నాడు. కెప్టెన్ మొహం పాలిపోయింది. కాసేపు మీసం కొరుక్కుంటూ ట్యాంకు చుట్టూ తిరిగాడు. తర్వాత ఒక్కసారి మొహం వికసించింది.

"దీన్ని కడిగించాలి పర్‌స్లో," అన్నాడు.

"కడగడమేంటి సార్?"

"జనరల్ గారొస్తున్నారు. ఇంటికి చుట్టం వస్తే మీ ఇంట్లో గుమ్మం కడగరా?"

"చుట్టమొస్తే కడుగుతాం సార్. దొంగొస్తే కడగం."

కెప్టెన్ వినిపించుకోలేదు. వినిపించుకోనప్పుడు ఆయన చాలా మర్యాదగా వాన వైపు చూస్తాడు.

ఇక ఆ ఊరి సంబరం చెప్పుకుంటే సిగ్గుచేటు. గుమ్మం మెట్టు తెల్లగా లేకపోతే వీధిలో తలెత్తుకోలేని ఆడవాళ్ళు వాళ్ళు. జనరల్ వస్తున్నాడంటే చాలు, బకెట్లు, చీపుళ్ళు, చాకలి సోడా పట్టుకుని క్వారీకి తరలిపోయారు. సబ్బు రేషన్లో దొరికే రోజుల్లో, మొగుడి చొక్కాకి దాచుకున్న ముక్క కూడా తెచ్చారు. ట్యాంకు చక్రాల సందుల్లో పుల్లలు పెట్టి గోకారు. కడిగి, తుడిచి, మళ్ళీ కడిగి, ఆరబెట్టి, పైన టార్పాలిన్ కప్పారు. పొయ్యికి పూసే నల్ల పాలిష్ పూస్తే ఇంకా మెరుస్తుందని పాదిరిగారి భార్య డబ్బా తెచ్చింది. కెప్టెన్ పరుగున వచ్చి ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆపాడు, పాలిష్ మీద బంక అతుక్కోదని.

ఈనాక్ భార్య ఎడ్నా కూడా వెళ్ళింది. ఇంటికొచ్చి చేతులు ఆరబెట్టుకుంటుంటే ఈనాక్ విరుచుకుపడ్డాడు. జర్మన్లు దారిలో ఆగి స్నానాలు చేసి వస్తారా, నీకైనా బుద్ధి లేదా అని అడిగాడు.

"జర్మన్లు ఎలా వస్తే నాకెందుకు?" అంది ఎడ్నా. "రేపొచ్చేది జనరల్ గారు. మనూరి ట్యాంకు అంత మురికిగా ఉందని ఆయన పక్కూళ్ళో చెప్తే ఎవరికి నామోషీ?"

"అది మనూరి ట్యాంకు కాదే. శత్రువుదని అనుకోవాలి."

"ఉన్నది మనూళ్ళో కదా," అని ఎడ్నా కూర తరగడానికి కూర్చుంది. ఈనాక్‌కి ఒళ్ళు మండిపోయి పబ్బులోకి వెళ్ళి, తోమిన గ్లాసులే మళ్ళీ తోముతూ కూర్చున్నాడు.

మర్నాడు వాన వెలిసింది. జనరల్ వచ్చాడు, బొద్దుగా, ఎర్రగా, మంచి మనిషిలాగే ఉన్నాడు. అదే ఖర్మ, చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. టార్పాలిన్ తీయగానే ట్యాంకు పెళ్ళిపీట మీది కంచంలా తళతళలాడింది. ఈసారి అసలు బాంబు. విసరడానికి సైన్యం నుంచి ఒక కుర్ర కార్పొరల్ని తెప్పించారు. వాడు పరిగెత్తుకెళ్ళి కొట్టాడు, బుడ్డి చితికి బంక అట్టులా పరుచుకుంది, వాడు బండ వెనక దూకాడు. క్వారీ అదిరిపోయింది. పొగ పోయాక చూస్తే ఇనపరేకులో పిడికిలి దూరే బెజ్జం. జనరల్ చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు. ట్యాంకు ఎంత శుభ్రంగా ఉందోనని ఆడవాళ్ళూ కొట్టారు.

టీ పోస్తున్నారు, క్యారెట్ కేకు కోస్తున్నారు. మందుపాతరల్ని తీరానికి పంపే లారీ సంగతి కెప్టెన్ అప్పుడే ఎత్తాడు. ఈనాక్ ఇక ఆగలేకపోయాడు. నేరుగా జనరల్ ముందుకెళ్ళి సెల్యూట్ చేసి, ఇంకొక్క బాంబు విసరనివ్వమని అడిగాడు. ఎందుకని జనరల్ అడిగితే, నిన్న ఈ ట్యాంకును కడిగారు సార్ అని చెప్పాడు. కెప్టెన్ కేకు ముక్క జనరల్ ముందుకి తోశాడు.

జనరల్ ముచ్చటపడ్డాడు. "కానివ్వండి, తప్పేముంది?" అన్నాడు.

ఈనాక్ గుంటలోంచి బకెట్టుతో బురద తోడి, ఊరందరి ముందూ, భార్య ముందూ, ట్యాంకు రెండో పక్కకి అరచేతులతో మెత్తాడు. ఎడ్నా మొహం తిప్పేసుకుంది. రూబెన్ నేను విసురుతానని ముందుకొచ్చాడు గానీ ఈనాక్ వాణ్ణి పక్కకి నెట్టాడు. బాంబు తనే అందుకున్నాడు. పిన్ను లాగి, పరిగెత్తి, బలమంతా పెట్టి కొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బండ వెనక పడ్డాడు. పేలింది. ఆ శబ్దం వేరుగా ఉంది, కింద మట్టిలోంచి వచ్చినట్టు. పిడి తుపాకీ గుండులా రయ్యిమని వచ్చి, ఆయన తల మీదుగా పోయి క్వారీ గోడకి తగిలింది.

వెళ్ళి చూస్తే నేల మీద గొయ్యి పడింది. ట్యాంకుకి గీత కూడా పడలేదు. బాంబు జారి కిందపడిపోయింది, ఈనాక్ చెప్పినట్టే.

జనరల్ గొయ్యి వైపు చూశాడు, ట్యాంకు వైపు చూశాడు, చాలాసేపు ఆలోచించాడు. తర్వాత వచ్చి, బురద చేతులని కూడా చూడకుండా ఈనాక్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చాలా విలువైన సంగతి చూపించారు సార్జెంట్. మా ఆఫీసులో ఒక్కడికీ తట్టలేదు. దీని సంగతి నేను చూస్తాను."

ఈనాక్ ఆ మాట నమ్మాడు. ఆ రోజు పబ్బులో అందరికీ తనే బీరు పోయించాడు. మందుపాతరలు దక్కాయిరా అన్నాడు. ఎడ్నాకి క్షమాపణ కూడా చెప్పాడు, ఆమె కడిగినదాన్ని పాడుచేసినందుకు. రూబెన్ తాగి, ప్యాంటు విప్పిన కథ మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. ఈసారి ఈనాక్ కూడా నవ్వాడు.

తర్వాతి ఆదివారం కవాతు వేళకి లారీ వచ్చింది. పిండిమర కొట్టం ముందు ఆగింది. ఇంకొన్ని మందుపాతరలు పంపారేమోనని ఈనాక్ ఎదురెళ్ళాడు. సైనికులు దిగి, ఉన్నవాటిని ఎక్కించడం మొదలెట్టారు. ఇదేంటని అడిగితే, వాళ్ళకి తెలీదన్నారు. కెప్టెన్ లావింగ్టన్ నవ్వుతూ వచ్చాడు, చంకలో ఒక మూట ఉంది.

"శుభాకాంక్షలు పర్‌స్లో. నీ సలహా జనరల్ గారు ఒప్పుకున్నారు."

మూట విప్పాడు. లోపల పాత ఫ్లానెల్ గుడ్డముక్కలు, చక్కగా చతురస్రంగా కత్తిరించి, అంచులు కూడా కుట్టారు. బాంబు విసిరే ప్రతి మనిషికీ ఒక గుడ్డ. ట్యాంకు దగ్గరికి చేరాక, కొట్టబోయే చోటు ముందు ఆ గుడ్డతో శుభ్రంగా తుడవాలి, ఆ తర్వాత బాంబు కొట్టాలి. ఈ మాట మిగతా దళాలకి కూడా పంపుతారట, ఈనాక్ పేరు చెప్పి మరీ.

ఈనాక్ ఆ గుడ్డల వైపు చూశాడు. ఒక మనిషి మీదికి ట్యాంకు వస్తుంటే, ఆ మనిషి గుడ్డ తీసి దాన్ని తుడవాలి. తను బురద పూసి ఇంత గొడవ చేసింది దీనికా? బాంబు పనికిరాదని నిరూపిస్తే, మనుషులే ఇంకాస్త పనికొచ్చేలా ఉండాలని తేల్చారు. అరవాలనిపించింది. ముసిముసి నవ్వుల ఆ మొహం మీద గుడ్డలన్నీ విసిరికొట్టాలనిపించింది. కానీ కెప్టెన్ నిజంగానే సంతోషిస్తున్నాడు, ఊరికి పేరొచ్చిందని. వంతెన దాటి లారీ వెళ్ళిపోయింది.

కవాతు అయ్యాక, పబ్బు వెనక హాల్లో దళాన్ని కూర్చోబెట్టి, ఈనాక్ ఆ ఆదేశం వినిపించాడు. ఒక్కో ముక్కా ఉమ్మేస్తున్నట్టే చదివాడు. గుడ్డలు బల్ల మీద పరిచాడు. ఇప్పుడు రూబెన్ ఏదో అంటాడు, హాలంతా గొల్లుమంటుంది, ఆ నవ్వులో ఈ దరిద్రం కొట్టుకుపోతుంది అని ఎదురుచూశాడు. నవ్వితే చాలు, వీళ్ళు చెయ్యరని ధైర్యంగా ఉండొచ్చు.

రూబెన్ గుడ్డ తీసుకుని, రెండువైపులా చూసి, జాగ్రత్తగా మడిచాడు.

"పొడిగా తుడవాలా, తడిపి తుడవాలా సార్జెంట్?"

మొహంలో వేళాకోళం ఏమీ లేదు. మిగతావాళ్ళు కూడా జవాబు కోసం ముందుకి వంగారు. ఆస్తమాతో మెట్టెక్కలేని మనిషి, ట్యాంకు ముందుకి వెళ్ళి నించుని, ఎంత తుడిస్తే సరిపోతుందో తెలుసుకోవాలనుకుంటున్నాడు. ఈనాక్ కళ్ళ ముందు వాళ్ళందరూ వంతెన మీద కనిపించారు, మోకాళ్ళు పట్టుకుంటూ, గుడ్డలు పట్టుకుని. నిజంగా వెళ్తారు వీళ్ళు. చెప్పిన పని చేస్తారు.

"ఏ రకంగానూ తుడవొద్దు," అన్నాడు. "ట్యాంకు వస్తే పరిగెత్తండి. అడవిలోకి పొండి, ఇళ్ళకి పొండి, ఎక్కడికైనా పొండి. ఆ చెత్త పట్టుకుని ఒక్కడు దాని దగ్గరికి వెళ్ళినా నేను ఊరుకోను. ఇది నా ఆజ్ఞ." అని, గుడ్డలన్నీ కుప్పగా లాగి పొయ్యి వైపు తోశాడు.

అందరి మొహాలూ ఎర్రబడ్డాయి. ఏదో బూతు మాట విన్నట్టు నేల వైపు చూశారు.

"నువ్వలా అనకూడదు ఈనాక్," అన్నాడు రూబెన్ మెల్లగా. సార్జెంట్ అనలేదు. "పారిపోయేవాళ్ళలా కనిపిస్తున్నామా నీకు?"

వాడు లేచి, కుప్పలోంచి తన గుడ్డ ఏరుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. ఎవరూ తోసుకోలేదు, ముందు నువ్వంటే ముందు నువ్వని దారిచ్చుకున్నారు. మడిచి జేబుల్లో పెట్టుకుని, టోపీలు సర్దుకుని, బీరు అడగకుండానే వెళ్ళిపోయారు. ఆదివారం పూట ఆ పబ్బులోంచి మగాళ్ళు దాహంతో వెళ్ళడం అదే మొదలు.

బల్ల మీద ఒక గుడ్డ మిగిలింది. సార్జెంటుది. ఈనాక్ దాన్ని చాలాసేపు ముట్టుకోలేదు. జనరల్ని తిట్టాడు, కెప్టెన్ని తిట్టాడు, ఆ బంక కనిపెట్టినవాణ్ణి తిట్టాడు, గంట కొట్టుకునే వెధవ రూబెన్ని అందరికంటే ఎక్కువ తిట్టాడు. తిట్లు అయిపోయాక కూడా ఆయన కళ్ళ ముందు వాళ్ళు వంతెన మీదే ఉన్నారు. ఆస్తమా మనిషి ముందు నడుస్తుంటే తను ఇక్కడ కూర్చుని గ్లాసులు తోమలేడు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. ఛీ అనుకుని గుడ్డ అందుకున్నాడు, నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో కుక్కుకున్నాడు.